తాబేలు చెక్కిన కత్తి

రమణయ్య చేసే కత్తికి అందమంటూ ఏమీ ఉండేది కాదు. లారీల కింద అరిగిపోయి తీసేసిన కమాను పట్టీలు కొని తెచ్చి, కొలిమిలో కాల్చి, సమ్మెటతో సాగగొట్టి, నూనెలో ముంచి గట్టిపరిచి, పడౌక్ కర్ర పిడి బిగించి ఇచ్చేవాడు. నల్లగా, సుత్తి దెబ్బల మచ్చలతో చూడ్డానికి మొరటుగా ఉండేది. కానీ పిడికి కాస్త పైన చేపతోక ఆకారంలో ఆయన కొట్టిన ముద్ర కనిపిస్తే చాలు, జంగ్లీఘాట్ జెట్టీలో పడవల వాళ్ళు రెండో మాట లేకుండా తీసుకునేవారు. ఉప్పునీళ్ళలో ఎంతకాలం నానినా ఆ కత్తి మోసం చెయ్యదని వాళ్ళ నమ్మకం.

బ్రూక్షాబాద్‌లో ఇంటి వెనక రేకుల షెడ్డే ఆయన కొలిమి. తాత కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి అండమాన్ వచ్చిన కుటుంబం. రమణయ్య పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. భార్య పోయాక ఇంట్లో ఆయనా, కూతురు పద్మినీ ఇద్దరే మిగిలారు.

పద్మిని చేతిలో వేరే పని ఉండేది. అబర్దీన్ బజారులో ఒక స్టీలు సామాన్ల కొట్లో, కొన్న గిన్నెల మీదా బిందెల మీదా కరెంటు పెన్నుతో పేర్లు చెక్కేది. ఎవరి పెళ్ళికి ఎవరు పెట్టారో, ఏ తారీఖున పెట్టారో, అన్నీ ఆమె చేతి మీదుగానే పోయేవి. రాను రాను ఆ పని తగ్గిపోయింది. పేరు చెక్కకుండా ఉంచితే రేపు ఇంకొకరికి బహుమతిగా ఇచ్చెయ్యొచ్చని కొనేవాళ్ళే నవ్వుతూ చెప్పేవారు. చివరికి కొట్టు యజమాని ఇక రావద్దన్నాడు. పాతబడిన కరెంటు పెన్ను మాత్రం ఆమెకే ఇచ్చేశాడు.

ఇంట్లో ఊరికే కూర్చోలేక, ఒకరోజు అలమారలో ఉన్న కత్తి తీసి దాని మీద చేప బొమ్మ గీసింది పద్మిని. రమణయ్య చూసి నవ్వాడు.

"కత్తి చేపని కొయ్యడానికి గానీ, చేపకి చూపించడానికేటమ్మా?"

"బాగుందా లేదా చెప్పు నాన్నా."

"బాగానే ఉంది. దీనికి ఒక రూపాయి ఎక్కువిచ్చేవోడు మన జెట్టీలో ఒక్కడుంటే నన్నడుగు."

జెట్టీలో లేకపోయినా బజారులో ఉన్నారు. సత్యారావు అనే ఆయనకు అక్కడ టూరిస్టుల కోసం గవ్వల దండలూ కర్ర బొమ్మలూ అమ్మే దుకాణం ఉంది. పద్మిని బొమ్మలు గీసిన కత్తులు కొన్ని తీసుకుని అద్దాల బీరువాలో పెట్టాడు. ఒకటీ అరా అమ్ముడుపోయాయి. ఆ మాటకే పద్మినికి నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళూ ఎవరెవరి పేర్లో చెక్కింది. తనకు నచ్చిన బొమ్మ తన ఇష్టప్రకారం గీస్తే, దాన్ని ఎవరో డబ్బిచ్చి కొని ఇంటికి తీసుకెళ్ళడం ఇదే మొదలు.

ఒక మధ్యాహ్నం ఆమె దుకాణంలో ఉండగా రోడ్డు పనుల మీద మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన కాంట్రాక్టరు ఒకాయన కత్తి చేతిలోకి తీసుకుని, బొమ్మ మీద బొటనవేలు రాసి చూశాడు. పెదవి విరిచాడు.

"ఇది గీకుడు, చెక్కుడు కాదు," అన్నాడు హిందీలో. "స్టీలు ప్లేటు మీద పేరు రాసినట్టుంది. రేపు నేను అమ్ముకోవాలంటే దీనికి ఎవరైనా పైసా ఎక్కువిస్తారా? వేలికి తగిలేంత లోతుగా చెక్కిందైతే చెప్పండి. అలాంటివి నా దగ్గర చాలా ఉన్నాయి. ఉంచేకొద్దీ ధర పెరుగుతుంది."

ఆయన వెళ్ళాక సత్యారావు పద్మినిని కూర్చోబెట్టాడు.

"ఇన్నావా? మామూలు కత్తి వాడేకొద్దీ ధర పడిపోద్ది. చెక్కుడున్న కత్తి దాచేకొద్దీ పెరుగుద్ది. బయట ప్రపంచమంతా ఇదే నడుస్తోంది. నువ్వు లోతుగా చెక్కి పట్రా, ఆయనే కొంటాడు. పక్కా."

ఆ సాయంత్రం తండ్రిని అడిగింది. రమణయ్య చేతిలో పని ఆపాడు.

"గట్టిపడిన ఇనుం మీద ఉలి దిగదమ్మా. దిగాలంటే మళ్ళీ కాల్చి మెత్తబరచాల. చెక్కినాక మళ్ళీ కాల్చి నూనెలో ముంచాల. లోతు గీతలున్న ఇనుం అలా ముంచితే ఆ గీతల దగ్గరే పగులుద్ది. ఒద్దు."

"గోడకి తగిలించుకునే కత్తి నాన్నా. దాంతో ఎవరు కోస్తారు?"

"కత్తి చేసినోడికి అది తెలీదు కదా, గోడకి పోతాదో పడవలోకి పోతాదో. నీ పెన్నుతో పైపైన ఎంతైనా గీసుకో. లోతుకెళ్ళకు."

ఆమె మరి వాదించలేదు.

తరువాతి నెలలో చౌల్దారీలో ఉన్న రమణయ్య అక్క గవరమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆమెను ఆస్పత్రికి తిప్పడానికి, వక్కతోట చూసుకోడానికి మగదిక్కు లేక రమణయ్య అక్కడికి వెళ్ళి ఉండిపోయాడు. కొలిమి ఖాళీగా పడి ఉంది. అలమారలో ముద్ర కొట్టి సిద్ధంగా పెట్టిన కత్తులు ఉన్నాయి.

పద్మిని వాటిలో ఒకటి తీసి పిడి ఊడదీసింది. కొలిమి రాజేసి, ఎర్రగా కాల్చి, బూడిదలో పూడ్చి మర్నాటి దాకా వదిలేసింది. ఇనుము మెత్తబడింది. తండ్రి ఇనుము చెక్కే చీరణం, చిన్న సుత్తి పట్టుకుని కూర్చుంది. గుడ్లు పెట్టడానికి ఇసుకలోకి పాకి వచ్చే సముద్రపు తాబేలును చెక్కింది. ముందు రెక్కలు చాచి, మెడ ఎత్తి, వీపు మీద ఒక్కో పలక విడివిడిగా కనపడేలా. ఎన్ని రోజులు పట్టిందో ఆమె చూసుకోలేదు. వంట మరిచిపోయిన పూటలున్నాయి. పని పూర్తయ్యాక కిటికీ వెలుగులో పెట్టి చూస్తే, తాబేలు నిజంగా ఇనుములోంచి పాకి బయటికొస్తున్నట్టే ఉంది.

ఇక గట్టిపరచాలి. తండ్రి చేస్తుండగా వందసార్లు చూసింది. రంగు చూసి కొలిమిలోంచి తీసింది, పట్టకారుతో నూనెలో ముంచింది. నూనె బుసకొట్టి పొగ లేచింది. ఆ చప్పుడులోనే చిన్నగా 'టిక్' మని వినిపించింది.

చల్లారాక తుడిచి చూసింది. తాబేలు ముందు రెక్క చివర నుంచి అంచు వైపు సన్నటి గీత ఒకటి. వెంట్రుకంత. గోరుతో గీరితే గోటికి తగల్లేదు. నూనె మరకేమోనని ఇసుకతో తోమింది. పోలేదు. నూనె మరక కాదని ఆమెకు తెలుసు. చూస్తూ చాలాసేపు కూర్చుంది. పాత ఇనుము పోగులోకి విసిరెయ్యడం ఎంతసేపు పని? కానీ తాబేలు వైపు చూస్తే చెయ్యి రాలేదు.

చివరికి కరెంటు పెన్ను తెచ్చి, ఆ వెంట్రుక గీత మీద నుంచే ఒక అల గీసింది. అది ఒంటరిగా కనపడకుండా పక్కన మరో రెండు అలలు గీసింది. తాబేలు నీళ్ళలో ఈదుతున్నట్టు ఇంకా బాగా వచ్చింది.

పిడి బిగించి దుకాణానికి ఇస్తే, కాంట్రాక్టరు చూడగానే కొన్నాడు. ఎంత అని కూడా అడగలేదని సత్యారావు చెప్పాడు. తండ్రి తిరిగొచ్చేలోపు పద్మిని అలాంటివి మరో రెండు చేసింది. ఒకదాని మీద డుగాంగు అనే సముద్రపు ఆవు, ఇంకొకదాని మీద మడ చెట్ల వేళ్ళు. వాటిని నూనెలో ముంచినప్పుడు ఏ చప్పుడూ వినపడలేదు. అవీ సత్యారావు దుకాణానికే పోయాయి. రమణయ్య వచ్చి అలమార చూసి, "కత్తులు పోయినాయే," అంటే, "అమ్మేశాను నాన్నా," అంది. ఆయన సంతోషించాడు. టూరిస్టుల సీజను అయిపోయింది. సత్యారావు మళ్ళీ కబురు చెయ్యలేదు. పద్మిని తండ్రి పక్కన సమ్మెట పట్టుకుని పనిలో పడింది.

వాళ్ళ వీధికి దిగువన పోలిరాజు అనే చేపల వేటగాడి ఇల్లు. రమణయ్యను బాబాయ్ అనీ, పద్మినిని చెల్లీ అనీ పిలిచేవాడు. కోనాం చేప దొరికిన రోజున తల ముక్క తెచ్చి వాళ్ళ గుమ్మంలో పెట్టి పోయేవాడు. మరుసటి ఏడాది వానాకాలం ముందు అతని కత్తి సముద్రంలో జారిపోయింది. "చేసిస్తానురా, వారం ఆగు," అన్నాడు రమణయ్య. చేతిలో వేరే పనులుండి ఆ వారం కాస్తా సాగింది.

ఒకరోజు తెల్లవారుజామున పోలిరాజూ, అతని పడవలో పనిచేసే శ్రీనూ డింగీ వేసుకుని వేటకు పోయారు. మధ్యాహ్నానికి ముందే గాలి లేచింది. తిరిగొద్దామని లంగరు ఎత్తుతుంటే అల ఒకటి పడవను పక్కకు ఈడ్చింది. పడవలో చుట్టలుగా పడి ఉన్న లంగరు తాడు పోలిరాజు చీలమండకు చుట్టుకుని అతన్ని నీళ్ళలోకి లాగేసింది. తాడు ఒక కొస పడవకు, ఇంకో కొస అడుగున రాళ్ళలో ఇరుక్కున్న లంగరుకు. మధ్యలో మనిషి. పడవ వైపు తాడు తెగ్గోస్తే లంగరుతోపాటు కిందికి పోతాడు. అందుకని ఇంజను దగ్గరున్న శ్రీను గెంతి వచ్చి, పడవలోంచే అతని చెయ్యి పట్టుకున్నాడు. "కోసెయ్ అన్నా, కిందదే కోసెయ్!" అని అరిచాడు. పోలిరాజు ఈమధ్యే కొని నడుముకు పెట్టుకున్న కత్తి దూశాడు. వంగి, బిగిసిన తాడుకీ కాలికీ మధ్య దూర్చి, బలంగా మెలితిప్పాడు. కత్తి సగానికి విరిగిపోయింది.

పలకల కింద ఎరలు కోసే పాత కత్తి ఒకటుంది. దాన్ని అందుకోడానికి శ్రీను ఒక చెయ్యి వదిలాడు. అంతలో మరో అల వచ్చింది.

సాయంత్రానికి నాలుగు పడవలు కలిసి పోలిరాజు శవాన్ని ఒడ్డుకు చేర్చాయి. జెట్టీ నిండా జనం. పోలిరాజు భార్య చిట్టితల్లిని ఆడవాళ్ళు పట్టుకుని ఉన్నారు. ఆమె ఏడవడం లేదు. భర్త కుడి చేతి పిడికిలి వైపే చూస్తోంది. ఆ పిడికిలిలోంచి కత్తి పిడిని తీయడానికి పడవల వాళ్ళకు చాలాసేపు పట్టిందట. శ్రీను దాన్ని తెచ్చి రమణయ్య చేతిలో పెట్టాడు.

"నీ ముద్రే మావా," అన్నాడు. "నీ కత్తే."

రమణయ్య తుండుగుడ్డ కొసతో తుడిచాడు. చేపతోక ముద్ర ఉంది. విరిగిన చోటు వైపు తిప్పి కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. అక్కడ సగం భాగం కొత్తగా తెల్లగా మెరుస్తోంది. మిగతా సగం నల్లగా ఉంది, వేడి ఇనుము నూనె పీల్చుకున్నప్పుడు వచ్చే నలుపు. ఆ పగులు ఇవాళ్టిది కాదు. కత్తి పుట్టినప్పటిది. నెమ్మదిగా రెండో వైపు తిప్పాడు. తల తెగిన తాబేలు, తోక వైపు సగం, ఆయన బొటనవేలి కింద లోతుగా తగిలింది.

తలెత్తాడు. ఆడవాళ్ళలో నిలబడిన కూతురు మీద ఒక్క క్షణం ఆయన చూపు ఆగింది.

"నాదే తప్పు," అన్నాడు రమణయ్య అందరికీ వినపడేలా. "నూనెలో ముంచినప్పుడే పగిలింది. సూసుకోకుండా ముద్ర కొట్టేశాను. నా ముద్రే."

పద్మిని నోరు తెరవాలనుకుంది. తెరవలేకపోయింది.

దహనం అయ్యాక ఇంటికొచ్చి తండ్రి కాళ్ళు కడుక్కుంటుంటే చెంబు పట్టుకుని నిలబడింది. తిడతాడనీ, కొడతాడనీ ఎదురుచూసింది. ఆయన నేల వైపు చూస్తూ ఒక్కటే అడిగాడు.

"ఎన్ని చేశావు?"

"మూడు."

"మిగతా రెండూ ఎక్కడున్నాయి?"

"తెలీదు నాన్నా."

"ముందు అవి పట్టుకో. ఏడుపు తరవాత."

మర్నాడు పద్మిని డైరీ ఫార్మ్ అనే పేటకు వెళ్ళింది. పోలిరాజు ఆ కత్తిని అక్కడ పాత సామాన్లమ్మే చిరంజీవి దగ్గర కొన్నాడని శ్రీను చెప్పాడు. ఫ్యాన్లూ, పాత మంచాలూ, మిక్సీలూ గుట్టలు పోసిన కొట్టు అది. చిరంజీవికి కత్తి బాగా గుర్తుంది.

"కాంట్రాక్టరు సాబ్ పని అయిపోయి ఎల్లిపోతా ఇంటి సామానంతా నాకే ఇచ్చినాడు దీదీ. ఆ కత్తి మాత్రం ముందు సత్యారావు భయ్యా దుకాణానికి పట్టుకెళ్ళినాడంట, పెట్టిన డబ్బుకి పైన ఇమ్మని. ఆయన చెయ్యి కూడా పెట్టలేదంట. ఇంకా రెండు మూడు కొట్లు తిరిగినాడు. ఆఖర్న కోపమొచ్చి నా సామాన్లో పడేసినాడు."

"చెక్కుడు ఉంది కదా భయ్యా. దానికి ఎక్కువ రాలేదా?"

చిరంజీవి ఆమె వైపు వింతగా చూశాడు.

"చెక్కుడికి కొత్తలోనే ధర దీదీ. ఒకసారి చెయ్యి మారితే క్యా ఫాయిదా, ఏం లాభం? బొమ్మ సందుల్లో తుప్పు పడతాదని, తోమడం కష్టమని ఇంకా తగ్గించి అడుగుతారు. నా దగ్గర నెలల తరబడి పడి ఉంది. పోలిరాజు భయ్యా వచ్చి ముద్ర చూసి, ఇది మా బాబాయి కత్తిరా అని తీసుకున్నాడు. పాత కత్తి ధరకే ఇచ్చేశా." కాస్త ఆగి, "నాకేటి తెలుసు దీదీ," అన్నాడు.

అక్కడి నుంచి సత్యారావు దగ్గరికి పోయింది. ఆయన ముఖం చాటేస్తూనే, అటక మీద నుంచి కాగితంలో చుట్టిన కత్తి ఒకటి దించి ఇచ్చాడు. మడ చెట్ల వేళ్ళు చెక్కింది. అది అసలు అమ్ముడే పోలేదు.

"డుగాంగుది ఎవరికమ్మారు?"

"ఎవరో టూరిస్టు. ఓడ మీద మెయిన్‌లాండ్ పోయాడు. పేరూ ఊరూ ఎవరడుగుతారు పద్మినీ?"

"చెక్కుడుంటే దాచేకొద్దీ ధర పెరుగుద్దన్నారు కదండీ. ఆ కాంట్రాక్టరు మీ దగ్గరికే తెస్తే ఎందుకు తీసుకోలేదు?"

సత్యారావు బీరువా అద్దం తుడవడం మొదలుపెట్టాడు. "అమ్మేటప్పుడు చెప్పే మాటలు వేరు," అన్నాడు. "పేరున్న పనివాడైతే ధర పెరుగుద్దేమో. మనమెవరం?"

ఇంటికి తెచ్చిన కత్తిని రమణయ్య బల్లకున్న ఇనుప వైసులో బిగించి, మీద గోనెగుడ్డ కప్పి, సుత్తితో ఒక్కటి కొట్టాడు. పుటుక్కున విరిగింది. విరిగిన చోట మధ్యలో, మినపగింజంత నల్లటి మచ్చ.

పద్మిని ఆ మచ్చ మీద వేలు పెట్టి చూసింది. దీన్ని ముంచినప్పుడు ఏ చప్పుడూ రాలేదు. అంటే డుగాంగు కత్తిలోనూ ఉండే ఉంటుంది.

"నాన్నా, ఇది నేను చేశానని జెట్టీలో చెప్పెయ్యనీ."

రమణయ్య విరిగిన ముక్కలు ఏరుతున్నాడు. "చెప్పి ఏం చేస్తావు? ముద్ర నాది. నీకు ఈ ఊళ్ళో ఇంకా బతుకుంది. నా పని ఎలాగూ అయిపోతాంది."

అయిపోతూనే ఉంది. పడవల వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తమ కత్తులు షెడ్డు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోతున్నారు. తిట్టింది ఎవరూ లేరు. రమణయ్య ప్రతి కత్తినీ వైసులో పెట్టి వంచి చూసేవాడు. ఒక్కటీ విరగలేదు. అయినా వాటిని వాపసు పట్టుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. బజారులో దొరికే తెల్లటి ఫ్యాక్టరీ కత్తులు కొనుక్కుంటున్నారని తెలిసింది.

పెద్దకర్మ అయిపోయిన తరవాత పద్మిని తండ్రికి చెప్పకుండా చిట్టితల్లి ఇంటికి వెళ్ళింది. చిట్టితల్లి గుమ్మంలో కూర్చుని, భర్త వలలో చిక్కుపడిన నాచు పీకుతోంది. ఆ వల ఎవరికో అమ్మేస్తోందట.

"వదినా, ఆ కత్తి మా నాన్న పాడుచెయ్యలేదు. నేను చేశాను."

మొదలుపెట్టాక ఆగకుండా అంతా చెప్పింది. నాన్న వద్దన్నదీ, 'టిక్' మన్నదీ, గీత కనపడ్డదీ, దాని మీద అల గీసిందీ. చిట్టితల్లి చేతులు వల మీద ఆగిపోయాయి.

"ఆ కత్తి తెచ్చిన దినం నాకు సూపించినాడు," అంది. "ఇంత బొమ్మున్న కత్తి ఇంత సవగ్గా దొరికిందే అని మురిసిపోనాడు. నాను అన్నాను, ఇంత బాగుంది, సముద్రం మీదికెందుకు, ఇంట్లో ఎట్టుకుందారి అని. బాబాయి ముద్రుందే, ఇది ఇంట్లో ఎట్టుకునే కత్తి కాదే అన్నాడు." తలెత్తి పద్మిని వైపు చూసింది. "ఆ అలలు బాగున్నాయని ఏలెట్టి రాసి సూపించినాడు. అలలే."

పద్మిని ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. చిట్టితల్లి కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"నా కాళ్ళట్టుకోకు. నాకు నీ ఏడుపుతో పని లేదు. నా ముందు సెప్పినావు, సరే. మీ నాన్న జెట్టీలో అందరి ముందూ నెత్తినేసుకున్నాడు. నువ్వూ అక్కడే సెప్పు. తరవాత మా గుమ్మంలోకి రాకు."

ఆమె ఆ సాయంత్రమే జెట్టీకి వెళ్ళింది. పడవలు దిగి, చేపలు పెట్టెల్లోకి సర్దుతున్నారు. ఎవరిని పిలవాలో తెలియక, ఐసు పెట్టెల పక్కన నిలబడి గొంతు పెంచి మాట్లాడింది. మొదట కొందరే విన్నారు. తరవాత అందరూ పని ఆపారు. రమణయ్య కత్తి ఏదీ చెడ్డది కాదనీ, చెడ్డవి మూడేననీ, ఆ మూడూ తానే చేసిందనీ, ఒకటి ఇంకా దొరకలేదనీ చెప్పింది. పగులు కనపడింది, కప్పిపెట్టాను అని కూడా చెప్పింది. ఆ మాట వెనక ఉన్నవాళ్ళకీ వినపడాలని రెండోసారి చెప్పింది.

శ్రీను ముందుకొచ్చాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నా సెయ్యి జారిపోనాదని ఇన్నాళ్ళూ నాను సచ్చిపోతన్నాను," అన్నాడు. "రెండో సెయ్యి ఒగ్గకుండా ఉంటే బతికేవోడేమో అని. నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

అతను ఆమె మొహం మీద ఉమ్మేస్తాడేమో అనుకుంది. అతను వెనక్కి తిరిగి, ఐసు పెట్టె మీద కూర్చుని, రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. మిగతావాళ్ళు మళ్ళీ చేపలు సర్దడం మొదలుపెట్టారు. ముసలాయన ఒకాయన మాత్రం, "ఎల్లమ్మా, ఇంటికెల్లు," అన్నాడు.

ఆ తరవాత కొందరు తమ కత్తులు వాపసు తీసుకెళ్ళారు. కొందరు తీసుకెళ్ళలేదు. ముద్ర మంచిదే గానీ, ఆ ఇంట్లో ఎవరి చేతి మీదుగా వస్తుందో ఎవరికి తెలుసు అన్నారని తండ్రీకూతుళ్ళు విన్నారు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. రమణయ్య కత్తులు చెయ్యడం మానేశాడు. తలుపు బందులూ, గునపాలూ, పారలకు కాడ గొట్టాలూ చేసుకుంటూ పొట్టపోసుకున్నాడు. జెట్టీలో చెప్పొచ్చావటగదా అని కూతుర్ని ఒక్కసారే అడిగాడు. చెప్పానంది. మరి ఆ మాట ఎత్తలేదు.

పద్మినికి మాత్రం డుగాంగు కత్తి తప్ప వేరే ధ్యాస లేదు. పాత వస్తువులు అమ్మకానికి పెట్టే పేజీలన్నీ రోజూ ఫోనులో వెతికేది. నెలలు గడిచాయి. దొరకదనుకుంటున్న రోజుల్లో, ఒక పొద్దున ఫోటో కనిపించింది. తన డుగాంగే. మూతి దగ్గర ఒక గీత వంకర పోయింది, అది కూడా అలాగే ఉంది. మెయిన్‌లాండ్‌లో ఎవరో అమ్మకానికి పెట్టారు. ధర తక్కువే. ఎవరూ అడిగినట్టు లేదు.

వెంటనే నంబరు కలిపింది. అవతలి మనిషి మర్యాదగానే మాట్లాడాడు. ఆమె హిందీలో అంతా చెప్పింది. ఇలాంటి కత్తులు మూడు నేనే చెక్కాను, ఇందులోనూ పగులుంది, దీనితోపాటు చేసిన కత్తి విరిగి ఒక మనిషి చచ్చిపోయాడు, ఎవరికీ అమ్మకండి, మీ ధర నేనే పంపిస్తాను, నాకిచ్చెయ్యండి. ఆయన శ్రద్ధగా విన్నాడు. చనిపోయినాయన ఏం పని చేసేవాడని అడిగాడు. ఎక్కడ, ఎలా జరిగిందని అడిగాడు. ఆలోచించి చెబుతానన్నాడు.

మర్నాటికి ఆ ఫోటో కింద రాత మారింది. అండమాన్‌లో చేత్తో చెక్కిన కత్తులు మొత్తం మూడేననీ, ఒకటి సముద్రంలో మనిషి ప్రాణం తీసిందనీ, చెక్కిన మనిషే స్వయంగా ఫోను చేసి వెనక్కి అడుగుతోందనీ రాసి ఉంది. ధర పది రెట్లు. కింద ఎవరెవరో అడుగుతున్నారు, వేలం పాడుతున్నట్టు ఒకరి మీద ఒకరు పెంచుతున్నారు. పద్మిని మళ్ళీ మళ్ళీ ఫోను చేసింది. ఎత్తలేదు. వద్దు, వద్దు అని రాస్తే ఆమె నంబరు బ్లాక్ చేసేశాడు. రెండు రోజుల తరవాత చూస్తే, అమ్ముడుపోయింది అని ఉంది.

షెడ్డులోకి వెళ్ళి తండ్రికి చెప్పింది. రమణయ్య పారకు గొట్టం వంచుతున్నాడు. వింటూ పట్టకారు కింద పెట్టాడు.

"ఎవరు కొన్నారో?"

"తెలీదు. చెప్పడు."

ఆయన మొహం తుడుచుకున్నాడు. కూతురి వైపు చూసి, చాలా నెలల తరవాత కాస్త మెత్తగా అన్నాడు. "అంత ధర పెట్టి కొన్నవాడు దాంతో తాడు కొయ్యడులేమ్మా. అద్దాల్లో పెట్టుకుంటాడు."

"ఆయన దగ్గర ఉన్నంత కాలం కొయ్యడు నాన్నా," అంది పద్మిని. "ఆయన తరవాత?"

దాగలి మీద ఇనుము చల్లారిపోతోంది. పద్మిని కొంగు దోపుకుని సమ్మెట అందుకుంది. ఆయన గొట్టాన్ని మళ్ళీ నిప్పుల్లో పెట్టాడు.